మాఫీ అడగని పెద్ద

మొయినాబాదులో మా సంఘపెద్దను తలచుకుని ఇప్పటికీ దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను. తగువుపడ్డ మనిషిని మాఫీ అడగనిదే ఆయన ఆదివారం ప్రభువు బల్లలో రొట్టె ముట్టేవాడు కాదు. అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో వారమంతా బడి ముందు నిలబడి, అందులో పాఠాలు చెప్పే మా పక్కింటి ఆంధ్రా సారును చూసి "వాపస్ పో!" అని అరిచేవాడు. శనివారం వచ్చి చెప్పులు విడిచి మాఫీ అడిగేవాడు. సారు నవ్వి సరేననేవారు.

ఒక శనివారం సారు నిజంగానే ట్రంకుపెట్టెతో బస్సుకు బయలుదేరారు. పెద్ద పరుగున వచ్చి పెట్టె పట్టుకున్నాడు.

"మాఫ్ జేసి పోండ్రి సారూ, రేపు బల్ల ఉన్నది."

"పొమ్మన్నది మీరేగా?"

"అన్న. తప్పయింది. మాఫ్ జెయ్యకుంటె పోనియ్య."

"అయితే చెయ్యను," అన్నారు సారు.

పెద్ద పెట్టె నెత్తికెత్తుకుని సారు ఇంట్లో దించి వచ్చాడు. మరునాడు రొట్టె ముట్టలేదు. పాస్టరు అయ్యగారు ఎందుకని అడిగారు.

"మల్ల అడిగితె మాఫ్ జేస్తడు, జేస్తె పోతడు. అందుకే అడుగుత లేనయ్యగారూ."