ఎదురుపాట లేని ఆదివారం

ఈ ఉదయం మా ఐసు ఫ్యాక్టరీలో కరెంటు పోయి, దిమ్మలు నుగ్గుచేసే మర ఒక్కసారిగా ఆగిపోయింది. ఫిషింగ్ హార్బర్‌లో పనిచేసేవాళ్ళం ఒకరితో ఒకరం అరుచుకుంటూనే బతుకుతాం. ఆ మర ఆగితే తప్ప మా గొంతులు ఎంత పెద్దవో మాకే తెలియదు. ఆ నిశ్శబ్దం చెవుల్లోకి చల్లగా దిగగానే నాకు నూకాలప్ప గుర్తొచ్చింది. అంత నిశ్శబ్దం నేను మొదటిసారి విన్నది ఆమె ఎదుటే.

నూకాలప్ప రేవులో చేపల వేలం పాడే మనిషి. చిన్నా పెద్దా అందరికీ ఆమె అప్ప, అంటే అక్క. తెల్లవారకముందు కోనాం, చందువా కుప్పల మధ్య నిలబడి ధర పాడితే జెట్టీ అవతలి కొస దాకా వినిపించేది. చీటీ కూడా ఆమే నడిపేది. నెలకు పదిహేను వేల చొప్పున ఇరవై మందిమి, మొత్తం మూడు లక్షలు. నెల మొదటి ఆదివారం వలలు కుట్టే షెడ్డులో కూర్చునేవాళ్ళం. డబ్బు కావలసినవాళ్ళు ఆ మూడు లక్షల్లో ఎంత వదులుకుంటారో పాడాలి. ఎక్కువ వదులుకున్నవాళ్ళకే చీటీ. వదిలిన దాంట్లో అప్ప కమీషన్ పదిహేను వేలు పోగా మిగిలింది అందరికీ సమానంగా పంచుతారు. ఆ లెక్కలు వేసేది నేను. పదో తరగతి తప్పి, ఐసు దిమ్మలు లెక్కపెడుతూ వడ్డీ లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. లెక్కకు అందనిది ఏదీ ఉండదని ఆ రోజుల్లో నాకు గట్టి నమ్మకం.

అప్పుడే పద్మనాభం ఊరి వైపు నూట యాభై గజాల స్థలం బేరానికి వచ్చింది. రిజిస్ట్రేషన్ ఖర్చుతో కలిపి ఏడున్నర లక్షలు. నా పొదుపూ, నా భార్య సత్యవతి గాజులు అమ్మిన డబ్బూ కలిపితే నాలుగు లక్షల ఎనభై వేలు. అందులోంచి లక్ష బయానా ఇచ్చేశాను. బ్యాంకులో అడిగితే, వెంటనే ఇల్లు కట్టేవాడికైతే ఇస్తామన్నారు. నేనేమో ఎనిమిదేళ్ళకి కట్టుకుందామనుకున్నవాణ్ణి. మిగతా రెండు లక్షల డెబ్బై వేలూ చీటీ నుంచే రావాలి. నెలాఖరులోగా కట్టకపోతే స్థలమూ పోతుంది, బయానా కూడా పోతుంది.

సంగతి చెబితే నూకాలప్ప స్థలం చూస్తానని బయలుదేరింది. బస్సు దిగి గట్ల మీద నడిచి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నాలుగు వైపులా చూసింది.

"ఏటిరా, ముళ్ళకంప కొంటన్నావా?"

"ఇల్లు కట్టుకుందామని అప్పా."

"ఎప్పుడు?"

"ఎనిమిదేళ్ళకి."

"ఓరి నీ లెక్క పాడుగాను! ముందు వొంటిల్లెక్కడో సెప్పు."

ఆగ్నేయ మూల చూపించాను. ఆమె అక్కడికి వెళ్ళి, కాలితో కంప పక్కకు నెట్టి, తువ్వాలు పరిచి, క్యారేజీ విప్పింది. సత్యవతిని పిలిచి, "రాయే, మీ వొంటింట్లో కూకుని తిందాం. ఆడు గజాలు కొలుసుకుంటాడు," అంది. ఆ ఎండలో ముగ్గురం చేపల పులుసూ అన్నమూ తిన్నాం. సత్యవతి లేచి చేయి కడుక్కోవడానికి తలుపు ఉండబోయే చోటునుంచే బయటికి వెళ్ళింది.

చీటీ ఆదివారం వేట నిషేధం ముగిసే రోజుల్లో పడింది. రెండు నెలలుగా బోట్లు కదల్లేదు. అందరికీ వలలకీ ఇంజన్లకీ డబ్బు కావాలి. ఆ నెలలో పాట ఎప్పుడూ అరవై వేలకి తగ్గేది కాదు. నేను వదులుకోగలిగింది ముప్పై వేలు. నాకు ఎదురుగా బోటు యజమాని ఎర్రయ్య కూర్చున్నాడు. అతని ఇంజను విప్పేసి, ముక్కలు ముక్కలుగా షెడ్డు బయట గోనెల మీద ఉంది.

"ఎవలికి కావాల?" అంది నూకాలప్ప. ఎర్రయ్యా నేనూ చేతులెత్తాం. నా వైపు తిరిగి, "నీకు దేనికిరా?" అంది.

"ఇంటి జాగాకి."

"ఇన్నారు గదా. మా యమ్మ సీటీ నడిపినప్పుడు ఇంటి జాగాకి ఎదురుపాట ఉండీది కాదు. నాను ఎవల నోరూ మూయను. పాడీవోళ్ళు పాడండి."

అంతే అని, స్తంభానికి ఆనుకుని కూర్చుంది. అరుపే జీవనాధారమైన మనుషులు ఒక్కరూ నోరెత్తలేదు. బోట్ల పక్కలకి నీళ్ళు తగిలే చప్పుడు వినిపించింది. ఎర్రయ్య బయట పడున్న ఇంజను వైపు చూశాడు. నోరు తెరిచాడు. అతను భుజం మీది తువ్వాలు తీసి మూతి తుడుచుకున్నాడు.

"ఏట్రా ఎర్రయ్యా?"

"ఏటీ లేదప్పా. ఆవలింత."

షెడ్డంతా నవ్వింది. కమీషన్ పదిహేను వేలు పోగా రెండు లక్షల ఎనభై ఐదు వేలు నా చేతికొచ్చాయి. పాట అరవై వేలకి వెళ్ళి ఉంటే తలా రెండు వేల రెండు వందల యాభై పంచుకునేవాళ్ళు. ఎవరూ అడగకపోయినా ఆ లెక్క వేసి, ఆ అంకె మీదే వేలు పెట్టుకుని కూర్చుండిపోయాను. ఎర్రయ్య లేస్తూ, "నీ ఇంట్లో ఓ గది నా ఇంజనుకి ఇయ్యాల బావా," అన్నాడు. అతని బోటు ఆ ఏడు అందరికంటే ఆలస్యంగా సముద్రంలోకి వెళ్ళింది.

అందరూ వెళ్ళాక నూకాలప్పని అడిగాను: "ముందే అందరికీ చెప్పి ఉంచావా అప్పా?"

"సెప్పుంటే ఇదెందుకురా?" అంటూ అరచేయి చాపింది. చెమటతో తడిసి ఉంది. ఏమవుతుందో ఆమెకీ తెలియదు. తెలియకుండానే వాళ్ళను నమ్మి కూర్చుంది.

అప్ప పోయాక చీటీ ఆమె కోడలు నడుపుతోంది. అనుకున్న ఎనిమిదేళ్ళూ నిండాయి. పునాదికి మేస్త్రీని మాట్లాడుకుని, నలభై వేల దాకా వదులుకోవడానికి సిద్ధపడి పోయిన నెల షెడ్డుకి వెళ్ళాను. నాతోపాటు వలలు కుట్టే మరియమ్మ కూడా చేయి ఎత్తింది. దేనికని కోడలు అడిగింది.

"పరవాడ అవతల రెండు సెంట్లు. ఇంటి జాగా," అంది మరియమ్మ, ఎవరి వైపూ చూడకుండా.

నీళ్ళ చప్పుడు వినిపించింది. అందరూ నా వైపే చూస్తున్నారు. నేను నోరు తెరిచాను.

"ఏటి బావా, ఆవలింతా?" అన్నాడు ఎర్రయ్య.

"అవును," అన్నాను.

ఆ తర్వాతి ఆదివారం సత్యవతీ నేనూ పద్మనాభం వెళ్ళాం. స్థలంలో ఇంకా నాలుగు హద్దురాళ్ళే ఉన్నాయి. మేస్త్రీకి ఏం చెప్పాలో ఆలోచిస్తూ నేను గట్టు మీదే నిలబడిపోయాను. ఆమె ఆగ్నేయ మూలకి నడిచి, కాలితో కంప నెట్టి, తువ్వాలు పరిచింది.

"రండి," అంది, "వొంటింట్లో కూకుందాం."