మెత్తటి మంచుకు పట్టిన సాన

కరోనా భయం తగ్గి, కాలేజీ బస్సులు మళ్ళీ సాగర్ రోడ్డు మీద బారులు తీరిన ఏడాది అది. ఇబ్రహీంపట్నంలో బస్ డిపో దాటాక నా గ్రైండింగ్ షాపు ఉంది. గ్రైండింగ్ అంటే మరేం లేదు, మిషన్ మీద సాన పట్టడం. బోరు బండ్ల బిట్లు, వడ్రంగుల రంద మిషన్ బ్లేడ్లు, గడ్డి కోసే మిషన్ కత్తులు, మటన్ కొట్ల కత్తులు, మొద్దుబారినవి ఏవి తెచ్చినా పదును పెట్టి పంపుతాను. ఇరవై ఏళ్ళ పైనుంచీ ఇదే పని. నర్సిరెడ్డికి నోరు దురుసు గానీ చెయ్యి మంచిదని చుట్టుపక్కల పేరు. మొదటి మాటను పట్టించుకోను, రెండోది మాత్రం నాకు చాలా ఇష్టం.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఇంజనీరింగ్ కాలేజీ కార్డు మెడలో వేసుకున్న అమ్మాయి ఒకతె పెద్ద సంచీ మోసుకుంటూ వచ్చింది. లోపలినుంచి రెండు జతల బూట్లు తీసి నా బల్ల మీద పెట్టింది. ఒక జత కొత్తది, ఒకటి పాతది. బూటు అడుగున చక్రాలు ఉండాల్సిన చోట నిలువునా ఒక ఇనుప పట్టీ ఉంది.

"అంకుల్, వీటికి సాన పడతారా అండి?"

"గివేంది బిడ్డా?"

"ఐస్ స్కేట్లండి. మంచు మీద హాకీ ఆడతాం."

నాకు నవ్వాగలేదు. "ఇబ్రహీంపట్నంల మంచు యాడిదమ్మా? సోడా బండి మీద తప్ప నేనెన్నడు సూడలే."

ఆ పిల్ల నవ్వలేదు. ఇలాంటి మాటలు విని విని ఉన్నట్టుంది. పేరు లిఖిత అని చెప్పింది. ఇల్లు మీర్‌పేట్‌లో, అమ్మానాన్నలది తెనాలి వైపు. చిన్నప్పుడు కాలనీ రోడ్ల మీద చక్రాల స్కేట్లతో మొదలుపెట్టి, తర్వాత సిటీలో ఒక మాల్ లోపలి చిన్న ఐస్ రింకులో నేర్చుకుంది. చలికాలం లద్దాఖ్‌లో క్యాంపు పెడితే అక్కడ మన దేశం ఆడవాళ్ళ జట్టుకు ఎంపికైంది. ఎండాకాలం చివర్లో బయటి దేశంలో పోటీలు. ఇక్కడ సాన పట్టేవాళ్ళు లేరు. ఢిల్లీకి కొరియర్‌లో పంపితే అవి తిరిగొచ్చేదాకా ప్రాక్టీసు ఆగిపోతుంది.

ఆ పోటీల సంగతి నాకు అర్థమయ్యేలా చెప్పింది. జట్లను రెండు గ్రూపులు చేస్తారట. పై గ్రూపులో ఆఖరున నిలిచిన జట్టు మరుసటి ఏడాది కింది గ్రూపులో ఆడాలి, దాన్ని రెలిగేషన్ అంటారు. కింది గ్రూపులో మొదట వచ్చిన జట్టు పైకి వస్తుంది, అది ప్రమోషన్.

"పోయినేడాది మా సీనియర్లు ఎంతో కష్టపడి కింది గ్రూపులోంచి పైకి తెచ్చారండి. నేను ఈ ఏడాదే చేరాను. నేను చేరగానే మళ్ళీ కిందికి పోయిందన్న మాట రాకూడదు. నేను డిఫెండర్ని. నా కాలు జారితే అవతలివాళ్ళు నేరుగా గోల్ దగ్గరికి వెళ్ళిపోతారు."

నాతో కాదని చెప్పి పంపేద్దామనే అనుకున్నాను. కానీ "కాదు" అనడం నా నోటికి అలవాటు లేదు. "ముందు పాత జత ఇయ్యి, చూస్త. గా అంకుల్ గింకుల్ మాత్రం వద్దు" అన్నాను.

"మా నాన్న వయసు ఉంటుంది మీకు. బాబాయ్ అంటాను లెండి" అంది.

ఇక నా పనితనం వినండి. నా దగ్గర సర్ఫేస్ గ్రైండర్ ఉంది. ఇనుప ముక్కను బల్లకు బిగిస్తే, పైన తిరిగే సానచక్రం కింద ఆ బల్ల అటూ ఇటూ కదులుతూ ముక్కను అద్దంలా చదును చేస్తుంది. లిఖిత పాత బ్లేడును కంటి ఎదురుగా పెట్టుకుని చూస్తే ముందూ వెనకా కొంచెం పైకి లేచి, నడుమ పొట్ట ఉన్నట్టు కనిపించింది. అరిగి అరిగి వంకర పోయిందని తేల్చేసి, ఆ పొట్టంతా తీసేసి సూటిగా చేసిచ్చాను. అంత చక్కటి చదును ఆ ఏడాది ఇంకో ముక్కకు రాలేదు.

రెండు రోజులకు వచ్చింది. మోచేతికి కట్టు ఉంది.

"బాబాయ్, ఆ వంపు ఉండాలండి. వంపు ఉంటేనే తిరగ్గలం. ఇప్పుడు రైలు పట్టాల మీద పోయినట్టు సూటిగా పోయి గోడకు గుద్దుకున్నాను."

మా ఆవిడ సుజాత షాపులోనే కూర్చుని బిల్లులు రాస్తుంది. ఆమె తలెత్తి, "నీకు తెల్వకుంటే ఆ పిల్లనే అడగరాదు? వంకరగ కనవడ్డదల్ల సూటిగ చేసుడేనా నీ పని?" అంది. ఆ మాట గట్టిగానే తగిలింది. ఆ క్షణమే నిశ్చయించుకున్నాను, ఈ పని నేర్చుకోకుండా వదలకూడదని.

తర్వాతి ఆదివారం లిఖిత వెంట రింకుకు పోయాను. బయట మే నెల ఎండ మండిపోతుంటే నేను సుజాత కప్పిన శాలువాతో వణుకుతూ గట్టు పక్కన నిలబడ్డాను. ఆ పిల్ల దూసుకొచ్చి, పాదాలు అడ్డంగా తిప్పి, మంచు పొడి లేచేలా నా ముందు టక్కున ఆగింది.

"బ్రేకు ఎక్కడున్నది దీనికి?"

"లేదండి. అంచే బ్రేకు."

అప్పుడు అర్థమైంది. ఆ ఇనుప పట్టీ అడుగున నిలువునా సన్నటి గాడి ఉంటుంది, దాన్ని హాలో అంటారు. గాడికి అటూ ఇటూ మిగిలిన రెండు అంచులే మంచును పట్టుకుంటాయి. గాడి లోతుగా ఉంటే అంచులు గట్టిగా పట్టుకుంటాయి, లోతు తక్కువైతే బ్లేడు తేలిగ్గా జారుతుంది. నేను వంగి మంచు మీద బొటనవేలి గోరు ఒత్తి చూశాను. గోరు దిగింది. పైన తడి కూడా ఉంది. మాల్ మంచు మెత్తనిది. ఇంత మెత్తటి దాంట్లో లోతు గాడి పెడితే అంచులు కూరుకుపోతాయి, కాబట్టి పైపైన గాడి చాలని అక్కడే లెక్క కట్టుకున్నాను.

మిగిలింది చేతిపని. చక్రం అంచును కావలసిన గుండ్రానికి చెక్కడానికి డైమండ్ డ్రెస్సర్ వాడతాం, అది వజ్రపు మొన ఉన్న చిన్న పుల్ల. బ్లేడు వంపు చెడకుండా చేత్తో నడపడానికి ఒక బిగింపు తయారు చేశాను. దాన్ని ఫిక్చర్ అంటాం. పాత జత మీద మళ్ళీ మళ్ళీ ప్రయత్నించాను. ఒకసారి ఒత్తిడి ఎక్కువై ఇనుము వేడెక్కి నీలం తిరిగింది. నీలం తిరిగితే ఇనుము సత్తువ పోయినట్టే. ఇంకోసారి రెండు అంచుల్లో ఒకటి ఎత్తయింది. వెంట్రుకవాసి తేడా ఉన్నా కాలు ఒక పక్కకు లాగుతుందని లిఖిత చెప్పింది. బోరు బండ్లవాళ్ళు వచ్చి తిట్టుకుంటూ పోయారు. పోనీ అనుకున్నాను. చివరికి పాత జత అరిగి సన్నబడిపోయేసరికి నా చేతికి పని వచ్చింది. అప్పుడు కొత్త జత ముట్టుకున్నాను. మాల్ రింకులో దాని మీద ఆ పిల్ల తిరుగుతుంటే నాకు ఛాతీ ఉప్పొంగింది.

పోటీలకు బయలుదేరే ముందు కూడా అదే సాన పట్టి పంపాను.

పై గ్రూపులో నాలుగు జట్లు. మనవాళ్ళు మొదటి రెండు ఆటలూ ఓడిపోయారు. అవతల ఇంకో జట్టు కూడా రెండూ ఓడింది. ఆఖరి ఆట ఆ ఇద్దరి మధ్యే. ఓడినవాళ్ళు కిందికి పోతారు. దానికి ముందు రోజు పొద్దున నేను షాపు తెరుస్తుంటే లిఖిత రింకులోంచి వీడియో కాల్ చేసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బాబాయ్, కాలు నిలవడం లేదండి. రెండో మ్యాచ్‌లో నేను జారి పడితేనే రెండు గోల్స్ పడ్డాయి. మిగతావాళ్ళు ఎవరూ జారడం లేదు. నాకే ఆట రాదేమో అనిపిస్తోంది."

"జర ఆగు. ఆట సంగతి తర్వాత. నీ దోస్తును పక్కన నిలబెట్టి ఇద్దరూ ఒక్కసారి బ్రేకు కొట్టుండ్రి. మంచు మీద గీతలు చూపెట్టు."

చూపించింది. రెండో అమ్మాయిది లద్దాఖ్, చిన్నప్పటినుంచీ గడ్డకట్టిన చెరువుల మీద ఆడినది. ఆమె గీత మంచులోకి దిగి తెల్లగా మెరుస్తోంది. లిఖితది పలక మీద బలపం గీసినట్టు పైపైనే ఉంది. గోరు ఒత్తి చూడమన్నాను. గోరు దిగలేదు, రాయిలా ఉందని చెప్పింది.

తప్పు నాదేనని తెలిసిపోయింది. ఆట రాకపోవడం కాదు. ఆ సాన మాల్ మంచుకు సరిపోయేది, అక్కడి మంచుకు పనికిరాదు. బోరు బిట్టు తెచ్చినవాణ్ణి కందుకూరు వైపు ఏ రాయి తగిలిందో అడిగే నేను, ఈ పిల్లను మాత్రం అక్కడి మంచు ఎట్లుంటదని అడగలేదు.

"అక్కడ సాన పట్టేటాయన ఉన్నడా?"

"రింకులోనే ఉన్నాడండి. ఎంత లోతు కావాలని అడుగుతున్నాడు."

"నేను పెట్టిన గాడి మొత్తం తీసెయ్యమను. నీ దోస్తుకు ఎంతుందో గంతే పెట్టమను."

నా చేతి పనిని ఇంకొకడితో చెరిపేయమనడం అదే మొదటిసారి. అనేటప్పుడు బాధగానే ఉంది, దాచడం ఎందుకు.

"కోచ్ గారు వద్దంటున్నారు బాబాయ్. మ్యాచ్ ముందు బ్లేడు మారిస్తే అలవాటు లేక అంచు పట్టేసి ముందుకు పడతానంటున్నారు. మోకాలు తిరిగిందంటే ఇక ఆడలేను."

ఆయన చెప్పింది తప్పు కాదు. జారే కాలు ఒక ప్రమాదమైతే, ఉన్నట్టుండి ఆగిపోయే కాలు ఇంకో ప్రమాదం. ఇంత దూరంలో కూర్చుని నేనేం చెప్పాలి? సుజాత నా మొహంలోకే చూస్తోంది.

"ఇయ్యాల ఇంక ప్రాక్టీసు ఉన్నదా?" అని అడిగాను.

"మధ్యాహ్నం ఉందండి."

"అయితే ఇప్పుడే పట్టించు. పట్టించి ఇయ్యాలంత పడు. ఎన్నిసార్లన్న పడు. మోకాళ్ళకు అన్నీ కట్టుకొని పడు. కొత్త అంచు ఎంత గట్టిగ పట్టుకుంటదో కాలుకు ఇయ్యాల్నే తెల్వాలె. సాయంత్రానికి సుత నిలబడకపోతే రేపు కూసో, కోచ్ మాట విను. నిలబడితే ఆడు."

"పడతానండి" అంది.

సాయంత్రం ఒక్క మాట మెసేజ్ వచ్చింది: నిలబడ్డాను.

మర్నాడు ఆటను ఫోన్లో చూశాం. షట్టర్ సగం దించి సుజాతా నేనూ బల్ల మీద ఫోన్ ఆనించుకుని కూర్చున్నాం. ఈ హాకీలో బంతికి బదులు వాడే నల్ల బిళ్ళ ఎటు పోతోందో నాకు కనిపించనే లేదు. నేను లిఖిత కాళ్ళే చూశాను. వెనక్కి పోతూ తిరిగింది, నిలబడింది. ఎదురొచ్చిన అమ్మాయికి అడ్డంపడి ఆగింది, నిలబడింది. చెరో గోల్‌తో చివరిదాకా సమంగా నడిచింది. చివర్లో గోల్ ముందు గుంపులో ఎవరి కర్రకో తగిలి బిళ్ళ మన గోల్‌లోకి పోయింది. ఓడిపోయాం. జట్టు కిందికి పోయింది.

రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు ఆమే ఫోన్ చేసింది. నేను ఆగలేక అడిగేశాను.

"బ్లేడు జారిందా బిడ్డా?"

"ఒక్కసారి కూడా జారలేదండి. తప్పు బ్లేడు మీద పెట్టడానికి ఏమీ లేదు. మేమే ఓడిపోయాం."

నా మీద తోసేసి ఉంటే నాకు తేలికగా ఉండేది, ఆమెకూ తేలికగా ఉండేది. మొదటి రెండు ఆటల వంక పెట్టుకునే హక్కు ఆమెకు ఉంది. పెట్టలేదు.

ఊరికి వచ్చాక కాలేజీ నుంచి నేరుగా షాపుకే వచ్చింది. మోకాళ్ళు నల్లగా కమిలి, కుంటుతూ నడుస్తోంది. సుజాత కూర్చోబెట్టి టీ తెప్పించింది. టీ గ్లాసు చేతిలోకి తీసుకుని ఆ పిల్లే మొదలుపెట్టింది.

"వచ్చే ఏడాది కింది గ్రూపులో మొదట రావాలి బాబాయ్. ఒక్క మ్యాచ్ ఓడినా కుదరదు. నేను అన్ని రకాల మంచు మీదా నిలబడాలి. దానికి ఏం చేయాలో చెప్పండి."

చేశాం. ఆమె బూట్లకు బ్లేడు ఊడదీసి ఇంకోటి బిగించుకునే వీలుంది. ఒక జత బ్లేడ్లు పైపై గాడితో, ఒక జత లోతు గాడితో సిద్ధం చేశాను. మాల్ మంచు మీద కూడా లోతు గాడితోనే సగం ప్రాక్టీసు చేయించాను. కూరుకుపోయి పడేది, తిట్టుకునేది, లేచేది. కాళ్ళకు రెండూ అలవాటయ్యాయి. తనకు కుదిరింది చూసి జట్టులో ఇంకొందరు అమ్మాయిలు కూడా బ్లేడ్లు పార్సిల్లో పంపడం మొదలుపెట్టారు. డిపోలో కార్గో కౌంటర్ వాళ్ళు "నర్సన్నా, నీ మంచు కత్తులు వచ్చినయ్" అని కేకేసేవాళ్ళు.

మరుసటి ఏడాది పోటీలు ఇంకో దేశంలో జరిగాయి. దిగగానే రింకులోకి పోయి గోరు ఒత్తి వీడియో పంపింది. నడిమి రకం మంచు. లోతు గాడే వాడమన్నాను. ఆఖరి ఆట రోజు నెట్ సరిగా లేక చూడలేకపోయాం. ఫోన్ మోగగానే ఎత్తాను.

"మంచు ఎట్లుండె?"

"ముందు గెలిచామో లేదో అడగండి బాబాయ్!" అని అరిచింది. వెనక అమ్మాయిల కేకలు. "గెలిచామండి! అన్నీ గెలిచాం! పైకొచ్చేశాం!"

సుజాత నా చేతిలోంచి ఫోన్ లాక్కుని తనూ అరిచింది. నేను గల్లా పక్కన స్టూలు మీద కూలబడిపోయాను. ఆ రోజు కళ్ళు తుడుచుకున్నానని మా ఆవిడ ఇప్పటికీ అందరికీ చెబుతుంది. తుడుచుకున్న మాట నిజమే.

ఈ పనిలో నాకు అప్పటిదాకా ఒక గర్వం ఉండేది, పదును బాగుంటే పని అదే అవుతుందని. లిఖిత వచ్చాక అది పోయింది. ఇప్పుడు ఏ కత్తి తెచ్చినా ముందు ఎక్కడ వాడతారని అడుగుతాను, ఆ తర్వాతే చక్రం తిప్పుతాను. పనిముట్టు ఎంత మంచిదైనా మనిషిని గెలిపించదు. ఓడినప్పుడు దాని మీద నెట్టేసే వీలు లేకుండా చేస్తుంది, అంతే. ఆ వీలు లేకుండా ఓడిపోయింది కాబట్టే ఆ పిల్ల మళ్ళీ పైకి వచ్చింది.