చింతచెట్టు కింద అమ్మ పీకిన పూలతీగ

కోడేరు ఊర్ల మా ఇంటి ముందట వాకిట్ల ఒక చింతచెట్టు ఉన్నది. దాని కింద ఏమీ మొలవదు. అది చెట్టు గొప్పతనం కాదు, మా అమ్మ గొప్పతనం. పొద్దుగాల లేసి ఆమె పొరక పట్టుకుంటే నేల అద్దం లెక్క అయ్యేది. ఆ పొరక మూలకు పెట్టి వెనక్కి తిరిగేసరికి చింతాకు మళ్లీ రాలేది. ముప్పై ఏండ్ల సంది చెట్టుకూ అమ్మకూ ఈ పంచాయితీ నడుస్తనే ఉండె. ఎవరూ గెలవలే. అమ్మ నడుము మాత్రం ఓడింది.

నాగర్‌కర్నూల్ దవాఖానల డాక్టరు చెప్పిండు: "మూడు నెలలు వంగొద్దమ్మా. వంగితే ఇగ చేనుపని మర్చిపోవాలె."

బస్టాండుదాక అమ్మ పరేషాన్‌గనే నడిచింది. పత్తిల కలుపు తీసే ఆడోళ్ల గుంపుల మొదటి సాలు ఆమెది. ఆమె ఎంత జోరుగ పోతే గుంపంత అంత జోరుగ పోవాలె. మా ఊర్ల మొదటి సాలు అంటే సర్పంచి కుర్చీ లెక్క. తేడా ఏందంటే, దీనికి పని చెయ్యాలె.

బస్సెక్కినంక అసలు సంగతి చెప్పింది. "పత్తి మొలిచి కలుపు పడేసరికి నేను లేవకపోతే, నా సాలుల మీ చిన్నమ్మ నిలబడతది."

చిన్నమ్మ అంటే మా పక్కింటామె. ఏండ్ల సంది రెండో సాలు పట్టి, అమ్మ వీపు చూసుకుంట నడుస్తున్న మనిషి.

గట్ల ఊడ్చే పని నా మీద పడ్డది. రెండు రోజులు ఊడ్చిన. మూడో రోజు ఆలోచించుడు మొదలుపెట్టిన. ఉపాయాలు కష్టపడెటోళ్లకు రావు, తప్పించుకునెటోళ్లకు వస్తయి. వనపర్తిల ఒక నర్సరీకి పోయి, చెట్టు నీడల ఏది బతుకుతదని అడిగిన. నర్సరీ ఆయన నేలమీద పాకే ఒక తీగ చూపించిండు. "ఒక్కసారి నాటితే ఏండ్లకేండ్లు ఉంటది. పసుపు పూలు పూస్తది. పైనుంచి రాలిన ఆకంత దీని సందులల్ల పడి మాయమైతది" అన్నడు. ఆఖరి మాట ఇన్నంక నేను ఇంకేం అడగలే. దానికేదో ఇంగ్లీషు పేరు చెప్పిండు, బస్సెక్కకముందే మర్చిపోయిన.

అమ్మ చూసి, "పైసలిచ్చి గడ్డి తెచ్చినవారా?" అన్నది.

"గడ్డి కాదమ్మా, పూలతీగ."

"నేలమీద పాకితే గడ్డే. పాములొస్తయి."

"నీ నోరు ఇని ఏ పామొస్తదమ్మా?"

ఆమె బాధ నాకు తెల్వక కాదు. మా దిక్కు వాకిట్ల మట్టి కనపడితేనే అది ఇల్లు. పచ్చగ కనపడితే ఆ ఇంట్ల ఎవరో మంచం పట్టిన్రని అర్థం. అందుకే భయపడుకుంట గోడ మూలకు పది పదిహేను కొమ్మలు గుచ్చి, బట్టలుతికిన నీళ్లు పోసిన. నెలకు మంచిగ పాకింది.

అప్పుడు గద్వాలల దోస్తు పెండ్లికి పోయి, రెండు రోజులకు వచ్చి చూస్తే మూల ఖాళీ. బల్మూరుల ఉన్న మా పెద్దమ్మతోని ఫోన్ల మాట్లాడుకుంట అమ్మ మొత్తం పీకేసింది.

"యాది లేక పీకిన్రా. చెయ్యి ఆగలే."

"వంగినవా?"

"నేనెందుకు వంగుత? పీట మీద కూసోని జరుక్కుంట పోయిన."

డాక్టరు పీట గురించి ఏం చెప్పలేదు, నిజమే.

పీకుడు కూడ చేన్ల పీకినట్టే పీకింది. ఒక్కొక్క కొమ్మను కణుపు దగ్గర తెంపి, వేరుకున్న మట్టి దులిపి, వేరు పైకి ఉండేటట్టు దూరంగ ఇసిరేసింది. చేన్లయితే మిగతా పని ఎండ చూసుకుంటది. కానీ చింతచెట్టు కింద ఎండ యాడున్నది? కొమ్మలు వాకిలంత పడి ఉన్నయి. ఊడ్వాల్సింది నేను. నేను ఊడ్వలే. అమ్మ ఏమో నిలబడి చల్లేదే కదా అని రోజూ పొద్దుగాల వాటి మీద పేడనీళ్ల సాన్పి చల్లింది. మీదికెళ్లి మిరుగు కార్తె వానలు పడ్డయి, తెగిన ప్రతి కణుపుకూ వేర్లొచ్చినయి. నేను మూలకు నాటిన తీగను అమ్మ వాకిలంత నాటింది. ఎరువు కూడ ఆమెనే ఏసింది.

మొదటి పువ్వు పూసిన పొద్దు అమ్మ దాని ముందట చాలాసేపు నిలబడింది. మురిసిపోతుందేమో అనుకున్న.

"నేను పీకినంక లేసిన గడ్డి ఇంతదాక లేదురా" అన్నది.

"ఇది వనపర్తి గడ్డి అమ్మా. దీనికి నువ్వెవరో తెల్వదు."

అప్పుడే చిన్నమ్మ గోడ మీదికెళ్లి తొంగి చూసింది. "ఏందక్కా ఇది! ఇంట్ల గడ్డినే ఆపకపోతివి, చేన్ల ఏం ఆపుతవు? ఈ ఏడు నువ్వు జర నిమ్మలంగ ఎనక సాలు పట్టరాదు?" గొంతుల ఎంత ప్రేమ ఉండెనంటే, వింటే షుగర్ వస్తది.

చిన్నమ్మ తల అటు పోయిందో లేదో, అమ్మ పీట గుంజుకున్నది. వాకిలంత పీకేదాక లేవదని ఆమె మొఖం చూస్తేనే తెలుస్తుంది. నేను పోయి ముందట నిలబడ్డ.

"డాక్టరు చెప్పిన మూడు నెలలు రేపటితోని అయిపోతయి. ఎల్లుండి కలుపుకు పిలిచిన్రు. నీకున్నది ఒక్క నడుము. దీనికి పెడ్తవా, పత్తికి పెడ్తవా?"

జోకు చేద్దామనే నోరు తెరిచిన, గిట్ల బయటికొచ్చింది. నాకే సిగ్గయింది. అమ్మ గోడ దిక్కు చూసింది, పూల దిక్కు చూసింది. రాలిన చింతాకు యాడా కనపడుతలేదని కూడ అప్పుడే చూసినట్టున్నది. పీట గోడకు ఆనించి, "పూసుకోనీ" అనుకుంట లోపలికి పోయింది.

కలుపు రోజు నేనే బండి మీద చేను కాడ దింపిన. మేం పోయేసరికి చిన్నమ్మ మొదటి సాలుల నిలబడి కొంగు నడుముల చెక్కుకుంటుంది.

"అక్కా, నీ నడుము..."

"నా నడుము నాతోని వస్తది. నువ్వు జరుగు."

చిన్నమ్మ జరిగింది. నేను పోకుంట గట్టు మీదనే ఉన్న. సాలు అయిపోయేసరికి అమ్మ ముందు, చిన్నమ్మ రెండు మూరలు ఎనక. అమ్మ లేసి నిలబడింది, నడుము మీద చెయ్యి పెట్టుకోలే. నొప్పి లేదో, నేను చూస్తున్ననని పెట్టుకోలేదో తెల్వదు. అడిగితే చెప్పే మనిషి కాదు. చిన్నమ్మ మాత్రం రెండు చేతులూ పెట్టుకున్నది.

"గట్టు మీద నిలబడి ఏం జూస్తున్నవురా? ఆఖరి సాలు ఖాళీగున్నది, పట్టు" అని అమ్మ ఒర్లింది.

పట్టిన. నేను మొట్టమొదలు పీకింది పత్తి మొక్క. ఎవరూ చూడలే అనుకోని మళ్లీ గుచ్చుతున్న.

"అక్కా, నీ కొడుకు పత్తి నాటుతుండే!" అన్నది చిన్నమ్మ. గుంపంత నవ్వింది. అమ్మ తిరిగి చూడలే. అప్పటికే ఇంకో సాలుల సగం దాటింది.