గిన్నెల మిషను కడుపులో నీళ్లు

ఆ రోజుల్లో మా బళ్ళారిలో ఎవరింటికైనా మిక్సీ వచ్చిందంటే వీధిలో వాళ్ళంతా ఏదో ఒక సాకు పెట్టుకుని వచ్చి చూసిపోయేవాళ్ళు. అలాంటి కాలంలో మా చిన్నాయన బెంగుళూరు నుంచి ఏకంగా గిన్నెలు కడిగే మిషను తెచ్చాడు. ఆయనకు బజార్లో ఫ్యాన్లు, మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు అమ్మే అంగడి ఉండేది. ఈ మిషను అంగట్లో ఉన్నన్నాళ్ళూ వచ్చినవాళ్ళంతా తలుపు తెరిచి, లోపల చెయ్యి పెట్టి, "ఏందప్పా, ఈ ఫ్రిజ్జు చల్లగా లేదే" అని వెళ్ళిపోయేవాళ్ళు. నీళ్లు పట్టి నడిపి చూపిస్తే తప్ప ఇది అమ్ముడుపోదని చిన్నాయన దాన్ని ఇంటికి మోయించుకొచ్చి మా వంటింట్లో కిటికీ కింద బిగించాడు.

అప్పటికి నేను పదో తరగతి తప్పి ఇంట్లో ఉన్నాను. తప్పినందుకు నాకు పెద్ద బాధేమీ లేదు (మా లెక్కల అయ్యవారికి ఉండేదేమో), కానీ అంగట్లో కూర్చోవాలని మాత్రం ప్రాణం కొట్టుకునేది. ఏ వస్తువు కనబడినా దాని లోపల ఏముందో చూడకపోతే నాకు అన్నం సయించదు. రిపేరుకొచ్చిన మిక్సీ విప్పుతుంటే చిన్నాయన భుజం మీదుగా నా తల ఉండాల్సిందే. "ఆడపిల్ల అంగట్ల కూచుంటే గిరాకీలు నగుతారే" అనేవాడాయన. "నగనీ చిన్నాయనా, నగుకుంటానే కొంటారు" అనేదాన్ని. ఆ మాట అక్కడితో ఆగిపోయేది.

మిషను మొదట్లో బాగానే నడిచింది. గిన్నెలు తళతళలాడుతూ బయటికి వస్తుంటే నేను తలుపు దగ్గర బాసింపట్టు వేసుకుని కూర్చుని చూసేదాన్ని. మా అవ్వకు మాత్రం అది కంటగింపు. నీళ్ల విషయంలో అవ్వ చాదస్తం ఇంతా అంతా కాదు. ఇంట్లో ప్రతి కొళాయి మూతికీ ఆమె పాత చీర గుడ్డ కట్టి ఉండాల్సిందే, లేకపోతే ఆ నీళ్లు చెంబులో పట్టనిచ్చేది కాదు. కడిగిన నీళ్లయినా మోరీలోకి పోనిచ్చేది కాదు. కొళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఊళ్ళో నీళ్లు పారబోస్తారా? అందుకే మిషను నుంచి మురికినీళ్లు బయటికి తెచ్చే గొట్టాన్ని కూడా కిటికీ గుండా పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లోకి వేయించింది.

సండూరు నుంచి ఒకామె మిషను చూడడానికి వస్తానని కబురు పెట్టింది. వాళ్ళాయనకు గనుల దగ్గర లారీలు తిరిగేవి. అందుకని మేమంతా ఆమెను లారీలక్క అనేవాళ్ళం. సరిగ్గా ఆమె వచ్చే రోజు పొద్దున్నే చిన్నాయన తలుపు తీస్తే మిషను అడుగున సాంబారు రంగు నీళ్లు మడుగు కట్టి ఉన్నాయి.

"ఏందే ఇది! నీళ్లు పోకుండా అట్లే నిలబడి ఉండాయి!"

"నేను చెప్తానే ఉంటి కదరా. బోకులు తోమేదానికి చేతులుండంగా ఈ పెట్టె ఏమిటికి?" అంది అవ్వ.

చిన్నాయన రేడియోకు చేసే వైద్యమే దీనికీ చేశాడు. రెండు పక్కలా చరిచాడు. రేడియో అయితే పాడేది, ఇది పలకలేదు. బెంగుళూరు మెకానిక్కుకు ఫోను చేస్తే వచ్చే వారం గానీ రాలేనన్నాడు. చిన్నాయన తల పట్టుకుని కూర్చున్నాడు.

"నేను చూస్తా చిన్నాయనా" అన్నాను.

"చూడు తల్లీ, నువ్వొక్కదానివే తక్కువ! లారీలక్క వచ్చేలోపల దీన్ని నడిపిస్తివా, రేపట్నించి అంగట్ల నీకొక స్టూలు."

విసుగుతో అన్నాడు. నేను మాత్రం అవ్వను సాక్షిగా పెట్టుకుని పనికి దిగాను. చెంబుతో ఆ నీళ్లన్నీ తోడి బకెట్లో పోశాను. అడుగున గుండ్రంగా ఉన్న జల్లెడ తిప్పితే ఊడి చేతికొచ్చింది. అందులో కరివేపాకు, చింతగింజ, ఆవాలు, సంగటి పెళ్ళలు, చిన్నాయన ఎప్పటినుంచో వెతుకుతున్న చొక్కా గుండీ. (గుండీ అక్కడికెలా పోయిందో ఇప్పటికీ నాకు తెలియదు.) దొరికింది దొంగ అనుకుని అన్నీ కడిగి పెట్టి, మళ్ళీ నడిపాను. నీళ్లు వచ్చాయి, తిరిగాయి, అక్కడే ఉండిపోయాయి.

మిషనుకు చెవి ఆనించాను. లోపల గుయ్యిమని చప్పుడు. అంటే నీళ్లు తోసే మోటారు బతికే ఉంది, తోస్తూనే ఉంది, కానీ నీళ్లు కదలడం లేదు. వెనక గొట్టానికి చెవి పెట్టాను. అజీర్తి చేసిన కడుపులా గుడగుడ. మరి అడ్డం ఎక్కడున్నట్టు? మిషను నడుస్తుండగానే గొట్టం పట్టుకుని, దాని వెంబడే కిటికీ దాకా, అక్కడినుంచి పెరట్లోకి పోయాను.

పెరట్లో అప్పటికే లారీలక్క వచ్చి చెట్టు నీడన కుర్చీలో కూర్చుని ఉంది. చిన్నాయన తెల్ల పంచె కట్టుకుని, వంటింటి వైపు ఎవరూ పోకుండా అడ్డంగా నిలబడి, "చుక్క నీళ్లు మిగల్చదక్కా మా మిషను" అని చెప్తున్నాడు. నేను ఆయన కాళ్ళ పక్కనే కూర్చుని ఆకులు తప్పించి చూశాను. గొట్టం మూతికి పెరుగు మూటలా ఒక గుడ్డ వేలాడుతోంది. సంగటి, జిడ్డు కలిసి దాన్ని గోడకు పూసిన గారలాగా బిగించేశాయి. గుడ్డ మీద అవ్వ పాత చీర అంచు.

గుడ్డ కట్టిన దారం లాగాను. అంతే, లోపల ఆగిందంతా ఒక్క దూకున వచ్చి చిన్నాయన పంచెను మోకాళ్ళ దాకా సాంబారు చేసింది.

"ఎవురే ఈ గుడ్డ కట్టింది?" అని అరిచాడాయన.

"నేనే కడ్తి. ఏం?" అంటూ అవ్వ గడప దిగింది. "నీళ్లొచ్చే గొట్టానికి గుడ్డ కట్టకుండా ఇడిసిపెడ్తారా యాడన్నా?"

"అది నీళ్లు పోయే గొట్టం మా!"

"ఈడికొచ్చి నిలబడి చూడు. చెట్టుకాడికి నీళ్లు వస్తాండాయా, పోతాండాయా?"

చిన్నాయన వంగి తడిసిన పంచె పిండుకోసాగాడు. (చెట్టు పక్కన కూర్చుని ఆలోచిస్తే నాకూ అవ్వదే న్యాయమనిపించింది.) లారీలక్క నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, నా చేతిలో గుడ్డ వైపు చూసింది.

"హౌదమ్మా, నిజమే, ఎంత పట్టిందో చూడండి. మా సండూర్ల కొళాయి తిప్పితే ఎర్రమన్నే వస్తాది. లోపలికి పోయే గొట్టానికి ఇట్లాంటిది కట్టొచ్చా?" ఆ ప్రశ్న చిన్నాయనను కాదు, నన్ను అడిగింది.

"గుడ్డ కాదక్కా, సన్న జాలీ పెట్టల్ల. అప్పుడప్పుడు ఇప్పి కడుక్కోవల్ల" అన్నాను, ఏదో పుట్టినప్పటినుంచీ అదే పని చేస్తున్నట్టు.

"అయితే తీసుకుంటా. కానీ బిగించేదానికి ఈ పిల్లే రావల్ల. మీరు పోయి పంచె మార్చుకోండప్పా."

మర్నాడే అంగట్లో నా స్టూలు పడింది. దానికి ఒక కాలు పొట్టి. అట్టముక్క మడిచి కింద పెట్టుకుని, మహారాణిలా కూర్చున్నాను.

మొన్నామధ్య పెళ్ళికని సండూరు పోయినప్పుడు లారీలక్క ఇంటికి వెళ్ళాను. మిషను వంటింట్లో అదే చోట ఉంది. తలుపు తీస్తే లోపల నిండా వడియాల డబ్బాలు. "ఏం చేసేది మే, కరెంటుంటే నీళ్లుండవు, నీళ్లుంటే కరెంటుండదు. వడియాలకైతే రెండూ అక్కర్లే" అంది. పక్కన కొళాయి మూతికి శుభ్రంగా ఉతికిన గుడ్డ కట్టి ఉంది. నేను ఊరుకోలేక కిందికి వంగి, దుమ్ము పట్టిన గొట్టం వెతికి, చెవి దగ్గర పెట్టుకున్నాను.

"ఏం వినపడ్తాందే?" అంది లారీలక్క.

ఏమీ వినపడలేదు. అయినా కొంచెంసేపు చెవి తీయలేదు.