ముడత మీద కోపం

వీధి మలుపులో, మెట్ల కింది గదిలో బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడకు నోరెక్కువ అంటారు. ఎక్కువే, కాదనేదేముంది! అక్క పోయాక అక్క కూతుర్ని తెచ్చుకుని పెంచింది కూడా ఆ నోటితోనే. బతిమాలి, కసిరి, నవ్వించి, పిల్లను కాలేజీ దాకా లాక్కొచ్చింది.

ఆ సాయంత్రం పిల్ల ముఖం మాడ్చుకుని ఇంటికొచ్చింది. కాలేజీ పత్రికకు ఓర్పు మీద రాసిన వ్యాసాన్ని మాస్టారు తిప్పి పంపారట. నిండా ఎవరెవరి మాటలో ఉన్నాయి, ఏది ఎవరిదో, ఎందుకు తెచ్చావో తెలియడం లేదన్నారట. రేపటికల్లా సరిచేయకపోతే అచ్చుకు వెళ్లదు.

"చదవవే, వింటాను," అంది పిన్ని, చొక్కా కాలరు మీద నీళ్లు చిలకరిస్తూ.

పిల్ల గొంతు సవరించుకుంది. "వస్త్రమందలి ముడతపై ఆగ్రహించినచో వస్త్రమే దగ్ధమగునని ఒక విదుషీమణి వచించెను."

"అబ్బో. ఎవరే ఆవిడ? బాగా చదువుకున్నట్టుంది."

పిల్ల తలెత్తలేదు. "నువ్వే పిన్నీ."

పిన్ని పడీపడీ నవ్వింది. "ఈ దగ్ధాలూ అవీ నేనెప్పుడన్నానే? ముడత మీద కోపం తెచ్చుకుంటే బట్ట కాలిపోతుందే అన్నాను, అంతేగా."

అంటూనే నవ్వు ఆగిపోయింది. మాటకు ముస్తాబు చేసింది సరే, మనిషినెందుకు దాచినట్టు? ఇస్త్రీ చేసే పిన్ని పెంచిందంటే నలుగురిలో చిన్నతనం కాబోలు.

"పోనీ, ఎవరో పెద్దలన్నారని రాసేసుకో. నాకేం?" అంది, చొక్కా మీంచి చూపు తిప్పకుండా.

పిల్ల చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. తర్వాత అరువు తెచ్చిన మాటలన్నీ కొట్టేసి, ఒక్కటి మాత్రం ఉంచింది. దాని ముందు కొంత, వెనక కొంత రాసింది.

"విను. 'మా పిన్ని ఇస్త్రీ చేస్తుంది. చిన్నప్పుడు లెక్క రాక నేను పలక విసిరికొడితే, ముడత మీద కోపం తెచ్చుకుంటే బట్ట కాలిపోతుందే, అనేది. ఆ పలక తీసి, తుడిచి, మళ్లీ నా చేతికిచ్చేది. ఓర్పంటే నాకు తెలిసింది అదే.'"

"ఇస్త్రీ సంగతి లేకపోతేనేమే," అంది పిన్ని.

"మొదట సిగ్గేసి దాచాను పిన్నీ. నిన్ను దాచేస్తే ఆ మాట ఎవరిదో ఎలా తెలుస్తుంది?"

ఆ నోరెక్కువ మనిషి, బల్ల మీద ఇంకా బోలెడు బట్టలుండగానే ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకేసి, పిల్ల పక్కన చతికిలబడింది.

"మొదట్నించీ చదువు," అంది.