వెనక సీటు కొలత

నాకు అరవై మూడేళ్లు. నా బండి బరువు రెండు వందల కిలోల దరిదాపు. ఈ రెండు సంగతులూ తెలిశాయంటే చాలు, అనకాపల్లిలో ప్రతివాడికీ నాకు బుద్ధి చెప్పాలనిపిస్తుంది. పెట్రోలు బంకులో నా వెనక నిలబడ్డ నలభై ఏళ్ల పెద్దమనిషి ఒకాయన, "అంకుల్, ఈ వయసులో ఇదేటండీ? ఓ స్కూటీ కొనుక్కుంటే సుకంగా ఉంటాది గదా" అన్నాడు. నేను ఊరుకునే రకం కాదు. "నీ వయసుకి ఆ బొజ్జేటి?" అని అడిగాను. ఆయన పక్క లైనులోకి జరిగిపోయాడు.

అలాంటి మాటలు నాకు తగలవు. మా ఆవిడ ఒక్క మాటా అనకుండా వెనక సీటు ఎక్కడం మానేసింది చూడండి, అది తగిలింది. ఏడాది పాటు ఆ సీటు ఖాళీగా ఉంది. ఆమె మళ్లీ ఎక్కకపోతే ఈ బండి ఉంచుకుని ఏం చేస్తానని లోపల కుమిలిపోతూ, పైకి మాత్రం దానికి కొత్త కొత్త సామాన్లు బిగిస్తూ తిరిగాను.

ఉద్యోగమంతా కరెంటు స్తంభాల కింద గడిచింది. లైన్లు చూసుకుంటూ చీడికాడ, దేవరాపల్లి పొలాల గట్ల మీద చిన్న బండితో తిరిగి తిరిగి నడుము అరిగింది. రిటైరైన నెలలోనే ఈ పెద్ద బండి కొన్నాం. కొన్నాం అనే అంటున్నాను, ఎందుకంటే షోరూములో రంగు ఎంచింది మా ఆవిడే. నేను నలుపన్నాను. "ఏటండీ, గేదెలా ఉంటాది" అని ఆకుపచ్చది చూపించింది. బండి ఎక్కడానికని యాభై ఏడేళ్లకి మొదటిసారి చుడీదార్ కుట్టించుకుంది. వీధిలో వాళ్లు చూసి నవ్వుతారేమోనని మొదటిరోజు పైన శాలువా కప్పుకుంది, రెండోరోజు శాలువా ఇంట్లోనే వదిలేసింది.

ఆ బండి మీద పాడేరు ఘాటు ఎక్కాం, అరకు చూశాం, ఒకసారి పూరీ దాకా వెళ్లొచ్చాం. వెనక పెట్టెలో పులిహోర, మరమరాలు, మా ఇద్దరి బీపీ మాత్రలు. హెల్మెట్ల లోంచి మాట వినపడదు కాబట్టి ఆమె ఒక పద్ధతి పెట్టింది. కుడి భుజం తడితే టీ, ఎడమ భుజం తడితే ఆగక తప్పని ఇంకో అవసరం. పెళ్లయిన ఇన్నేళ్లలో మేం అంత తక్కువ మాట్లాడుకుని అంత బాగా కలిసున్నది ఆ రోడ్ల మీదే.

మేం పడింది మాత్రం ఏ ఘాటులోనూ కాదు. చీడికాడలో మా ఆవిడ వాళ్ల అన్నయ్యగారింటికి వెళ్తుంటే, ఊరు ఇంకా రాకముందే పడ్డాం. నూర్పుళ్ల రోజులు. సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోశారు. ఎదురుగా చెరకు బండెడు వేసుకుని ట్రాక్టరొస్తోంది. దానికి దారిచ్చి పక్కకి ఆగాను. ఎడమ కాలు కింద పెట్టాను. కాలి కింద గింజలు జారాయి. బండి మెల్లగా ఒరిగింది. అంత బరువు ఒక ఒంపు దాటి ఒరిగాక పట్టుకోవడం ఎవరివల్లా కాదు. ఇద్దరం ధాన్యంలో పడ్డాం. ఆమె చెయ్యి ఆనించుకుంది, మణికట్టు దగ్గర ఎముక చిట్లింది. ఆరు వారాలు ప్లాస్టరు.

ప్లాస్టరు తీసేశాక, "మంచిరోజు చూసి అలా ఓ రౌండు వెళ్లొద్దామా" అన్నాను. "మీరెల్లండి" అంది. మర్నాడూ అదే మాట. నెల తరవాతా అదే మాట. కోపం లేదు, ఏడుపు లేదు. కూర తరుగుతూ, "మీరెల్లండి."

భయపడిందనుకున్నాను. తప్పు బండి ఎత్తుదని తేల్చేశాను. నా మడమ నేలకి పూర్తిగా ఆనేది కాదు, మునివేళ్ల మీద నిలబెట్టేవాణ్ణి. ఎత్తు తగ్గిస్తే బండి పడదు, బండి పడకపోతే ఆమె ఎక్కుతుంది. ఫ్యూజు పోయింది, వైరు మార్చాం, లైటు వెలిగింది అన్నంత తేలిగ్గా లెక్క కట్టుకున్నాను.

వెనక సస్పెన్షన్‌లో పట్టీలు మార్పించి బండిని రెండంగుళాలు దించాను. మడమలు హాయిగా ఆనాయి. ఆ ఆనందంలో సైడు స్టాండు సంగతి మరిచిపోయాను. బండి దిగింది గాని స్టాండు పొడుగు తగ్గలేదు కదా. ఇంటి ముందు ఆపి లోపలికెళ్లి మంచినీళ్లు తాగేలోగా, నిటారుగా నిలబడ్డ బండి గాలికో దేనికో అవతలి పక్కకి ఒరిగి కనకాంబరం మొక్కల మీద పడుకుంది. మా ఆవిడ వచ్చి చూసింది. "మీరు లేకపోయినా పడతంది" అని లోపలికెళ్లిపోయింది. స్టాండు కోయించి మళ్లీ వెల్డింగు పెట్టించాను.

తరవాత ఇంజనుకి గార్డు, వెడల్పాటి ఫుట్‌రెస్టులు, హ్యాండిలు కాస్త వెనక్కి తెచ్చే దిమ్మలు, వెనక పెట్టెకి వీపు ఆనించుకునే దిండు. ప్రతి ఆదివారం గొలుసుని కిరసనాయిలుతో, పాత టూత్ బ్రష్షుతో కడిగి, ఆయిలు పట్టించి, చేతులు నల్లగా చేసుకుని ఆమెని పిలిచేవాణ్ణి. "సూడు, రెండు కాళ్లూ ఎంత బాగా ఆనుతున్నాయో." ఆమె గుమ్మంలోంచే చూసి "బాగుంది" అనేది. ఆ "బాగుంది"కి నా ఒళ్లు మండిపోయేది. బాగుంటే ఎక్కొచ్చు కదా అని గట్టిగా అరిచిన రోజులున్నాయి. అరిచినరోజు కూరలో ఉప్పు తగ్గేది, అంతే.

మిగిలింది సీటు. బండి దించాక గతుకులు నేరుగా నడుముకి తగులుతున్నాయి. మెయిన్ రోడ్డు వెనక సందులో సీట్లు కుట్టే భాయ్ ఒకాయన ఉన్నాడు. వాళ్ల తాత జట్కాబళ్లకి మెత్తలు కుట్టేవాడట, ఈయన మోటారు సైకిళ్లకి కుడుతున్నాడు. నా చిన్న బండి రోజుల నుంచీ ఎరుగుదుం. నేను భాయ్ అంటాను, ఆయన నన్ను బావా అంటాడు. ఆ వరసలో మా ఆవిడ ఆయనకి చెల్లెలు.

భాయ్ సీటు విప్పి, నొక్కి చూసి, "ముందుది సరే బావా. ఎనకది ఎవలికి?" అన్నాడు.

"ఇంకెవలికి, మీ సెల్లెమ్మకే."

"మరి సెల్లెమ్మేది?"

"రాదు. కొలతలు నేను సెప్తాను, రాసుకో."

ఆయన టేపు మెళ్లోంచి తీసి బల్ల మీద పెట్టేశాడు. "కూకునే మనిసి లేకుండా కుడితే అది సీటవదు బావా, బల్లవుతాది. సెల్లెమ్మని తీసుకొచ్చీ, అప్పుడు సేత్తాను."

నాకు కోపమొచ్చింది. ఊళ్లో సీట్లు కుట్టేది నువ్వొక్కడివేనా అని సీటు బిగించుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి ఆయన పొగరు గురించి మా ఆవిడకి ఏకరువు పెట్టాను. ఆమె అంతా విని, తడి చేతులు కొంగుకి తుడుచుకుని, "అన్నయ్య సెప్పింది నిజమే గదా. పదండి" అంది. నేను సంబరపడి తాళం తీశాను. ఆమె మాత్రం చుడీదార్ వేసుకుని కూడా వీధి చివర ఆటో ఎక్కింది. నేను బండి మీద, ఆమె నా వెనకే ఆటోలో. అలా చేరాం భాయ్ కొట్టుకి.

భాయ్ బండికి సెంటర్ స్టాండు వేసి, పక్కన ముక్కాలిపీట పెట్టి, "ఎక్కు సెల్లెమ్మా" అన్నాడు. ఆమె సీటు మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది.

"బయమా?"

"బయం కాదన్నయ్యా. పడతారు, ఎవరైనా పడతారు. ఆ రోజు ఈయన ముందు బండిని లేపేరు, నన్ను కాదు."

నేను గయ్యిమన్నాను. "పెట్రోలు కారతంది! ఇంజను ఆపద్దా?" నా వృత్తిలో మొదటి పాఠం అదే. మనిషి పడితే ముందు లైను ఆపాలి, తరవాతే మనిషిని ముట్టుకోవాలి. అది నా చేతులకి పట్టిన అలవాటు. అదే భాయ్‌కి చెప్పబోయాను.

ఆమె తొణకలేదు. "తాళం తీసేరు, సరే. అది తప్పని నేనన్లేదు. తరవాత బండిని లేపేరు. స్టాండేసేరు. అద్దం పగిలిందని దాన్ని అటూ ఇటూ తిప్పి సూసేరు. అప్పుడొచ్చేరు నాకాడికి. ఈలోగా ధాన్యం తిరగేత్తన్న ఆవిడొచ్చి నన్ను లేపింది. ఆవిడేటి నా మొగుడా?"

భాయ్ కత్తెర కింద పెట్టి, టీ చెప్పొస్తానని సందులోకి వెళ్లిపోయాడు. టీ కొట్టు పక్కనే ఉంది, పిలిస్తే వినపడుతుంది. అయినా వెళ్లాడు.

నిజం చెప్పాలి. ఆ ఏడాది అంతా నా జ్ఞాపకంలో నేను పరిగెత్తుకుంటూ ఆమె దగ్గరికి వెళ్లాను. ఎంతమందికి ఆ కథ చెప్పానో, ప్రతిసారీ పరిగెత్తాను. ఆమె అద్దం అనగానే, ఆ అద్దంలో పగులు ఏ మూల నుంచి ఏ మూలకి పాకిందో కళ్లకి కట్టింది. అంత శ్రద్ధగా చూశాను దాన్ని. ఆమె చెయ్యి ఎలా వాచిందో మాత్రం నాకు గుర్తు లేదు. సిగ్గేసింది. ఆ సందులో నిలబడి నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు. లైనాపడం అలవాటే, ఒప్పుకుంటాను. అద్దం చూడమని ఏ ఉద్యోగం నేర్పింది?

"తప్పయిపోయింది" అన్నాను. రెండోసారీ అన్నాను.

ఆమె ముక్కాలిపీటని బండికి దగ్గరగా జరుపుకుంది. "ప్లాస్టరున్నప్పుడే ఆ మాటని ఉంటే ఈ పాటికి బాగా అతికేది" అంది. నవ్విందో లేదో తెలియలేదు. పీట మీద కాలు పెట్టి, నా భుజం మీద చెయ్యేసి సీటెక్కింది.

ఎక్కాక ఇక ఆగలేదు. ఫుట్‌రెస్టు ముందుకుంది, మోకాలు నొక్కేస్తోంది. పెట్టె తాళం వీపుకి గుచ్చుకుంటోంది. పట్టుకునే కమ్మీ చేతికి అందడం లేదు. ఏడాదిగా నేను బిగించినవన్నీ నా కాళ్లకీ నా చేతులకీ సరిపోయాయి, ఆమెకి ఒక్కటీ సరిపోలేదు. భాయ్ టీలతో వచ్చి, అన్నీ విని, ఫుట్‌రెస్టులు అక్కడికక్కడే విప్పి వెనక్కి జరిపాడు.

సీటు కొలత ఆయన తీసే తీరు నేనెక్కడా చూడలేదు. కొత్త మెత్త పెట్టి, ఆనుకునే దిండు దగ్గర, వెనకాల కూర్చునేవాళ్లు మామూలుగా కూర్చునే చోట, ఇంకాస్త మెత్తటి స్పాంజి ముక్క అమర్చాడు. పైన పాత తెల్ల దుప్పటి పరిచాడు. దాని మీద టైపు వాళ్లు వాడే కార్బన్ కాగితాలు బోర్లా పేర్చి, ప్లాస్టిక్ కవరుతో గట్టిగా కట్టేశాడు. "దేవరాపల్లి రోడ్డు మీద కాసేపు తిరిగి రండి. మీ బరువెక్కడుందో దుప్పటే సెప్తాది."

బయల్దేరేటప్పుడు ఆమె వెనక కమ్మీని పట్టుకుంది. అద్దంలో చూశాను, దిండుకి అతుక్కుపోయి ఉంది. హైవే దగ్గర అచ్యుతాపురం కంపెనీ బస్సులు వరసగా వెళ్తుంటే ఆగాను. రెండు మడమలూ నేలకి ఆనించాను. ఊరు దాటాం, చెరకు తోటలొచ్చాయి. ఎప్పుడో ఒక చోట, "ఎడం పక్క గొయ్యి, సూసుకోండి!" అని హెల్మెట్ లోంచి కూడా వినపడేంత గట్టిగా అరిచింది. గొయ్యి నాకు ముందే కనపడింది. అయినా, "ఆఁ ఆఁ, సూసేను" అని గట్టిగా అరిచాను. ఆ తరవాత దారి పొడుగునా గోతులు చెబుతూనే ఉంది. నాకు ఆనందంతో కళ్లు చెమర్చాయి, గాలికి అనుకున్నా ఫరవాలేదు. తిరుగుదారిలో నేను అద్దం వైపు చూడలేదు. రోడ్డే చూశాను.

కొట్టు దగ్గర దిగాం. భాయ్ కవరు విప్పి, కార్బన్లు ఒక్కొక్కటీ తీసి, దుప్పటిని బల్ల మీద పరిచాడు. ముందు భాగంలో నావి రెండు నీలం మరకలు, కుడివైపుది ముదురు. నడుము వంకరగా పెడుతున్నానని తిట్టాడు. తరవాత వెనక భాగం మీదికి వంగాడు. మెత్తటిది అమర్చిన చోట, దిండు దగ్గర, ఒక లేత మరక ఉంది, అంతే. ముందు అంచున, నా మరకలకి ఆనుకుని, చిక్కటి నీలం.

"బ్రేకులకి జారి ముందుకొచ్చేసిందేటి?" అన్నాను.

"జారితే గీతలా సాగుతాది బావా. ఇది కుదురుగా కూకున్న మరక." వేలితో చూపించాడు. "ఇదిగో సెల్లెమ్మా, ఇక్కడ కూకుని బయల్దేరేవు. ఇక్కడికొచ్చి కూకుని తిరిగొచ్చేవు. మెత్తది ఎక్కడ పెట్టమంటావు?"

ఆమె దుప్పటి వైపు చూసింది. నా వైపు చూడలేదు.

"ముందుకే పెట్టన్నయ్యా" అంది. "ఎనక్కి జారిపోకుండా సూడు."