బరాత్ గుర్రం కడుపునొప్పి

కరోనా తర్వాత పెళ్లిళ్లు మళ్లీ జోరందుకున్న 2022 వేసవి. అప్పుడు నేను జనగామ జిల్లాలో పశువైద్యురాలిని. రోజంతా గేదెలు, గొర్రెలు. గుర్రం కేసు ఎప్పుడో ఒకటి. అందుకే దేవరుప్పుల నుంచి యాకూబ్ భాయ్ ఫోన్ చేయగానే సంచి సర్దుకుని బయల్దేరాను. బరాత్‌లకు గుర్రాన్ని కిరాయికిచ్చే మనిషి ఆయన.

"సుల్తాన్‌కు కడుపునొప్పి మేడం. పొద్దటి సంది పొర్లుతాంది. వాము నీళ్లు తాగిపిచ్చిన," అన్నాడు.

వెళ్లేసరికి గుర్రం చెమటలు కక్కుతోంది. ఒంటి మీద పెళ్లి జరీ గుడ్డ అలాగే ఉంది. తీయమంటే యాకూబ్ భాయ్ కదలడే! చివరికి నేనే లాగేశాను. ఎడమ వృషణం బాగా వాచిపోయి, చెయ్యి పెట్టనివ్వడం లేదు.

"పొద్దున ఇది చూడలేదా?"

ఆయన తల దించుకున్నాడు. భార్య రజియా గుమ్మంలోంచి అందుకుంది. "చూసిండు మేడం. ఆడ డాక్టరుకు గది ఎట్ల చెప్పాలెనని కడుపునొప్పి అన్నడు."

నాకు ఒళ్లు మండింది. "సిగ్గుపడితే గుర్రం పడాలి గాని, నీకేమొచ్చింది భాయ్?" అన్నాను.

దీన్ని మేం టార్షన్ అంటాం. వృషణానికి రక్తం తెచ్చే తాడులాంటి భాగం మెలిపడి రక్తం ఆగిపోతుంది. గంటల్లోనే విప్పాలి. మత్తిచ్చి కోసి చూస్తే లోపల నల్లబడి ఉంది. మెలి విప్పి, గోరువెచ్చని సెలైన్‌లో తడిపిన గుడ్డ కప్పి ఆగాను. రంగు మారలేదు.

"విప్పిన్రు కద మేడం, లోపల్నే ఉండనియ్యిన్రి. ఎండితే ఎండనీ, చూసెటోళ్లకన్న రెండుంటయి," అని బతిమాలాడు. సుల్తాన్‌కు ఒక పిల్ల పుట్టాలన్నది ఆయన కోరిక. దానికోసమే ఆడగుర్రాన్ని కూడా కొన్నాడు.

నేను ఒప్పుకోలేదు. ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో, ఒకవైపు మెలిపెట్టి ఆలస్యంగా విప్పితే కొన్నిటిలో బాగున్న రెండోదీ దెబ్బతింది. కొన్నిటిలో ఏమీ కాలేదు. ఎందుకన్నది ఇంకా తేలని వాదనే. చచ్చిన భాగాన్ని లోపల ఉంచి ఆ ప్రమాదం తెచ్చుకోవడం ఎందుకని తీసేశాను.

"ఉన్న ఒక్కదాంతోని పిల్లలైతయా?"

"అవుతాయనీ చెప్పలేను, కావనీ చెప్పలేను."

"గింత సదువు సదివి గిదేం మాట మేడం?" అంది రజియా. నేను గొంతు తగ్గించి మళ్లీ అదే మాట చెప్పాను.

కొన్ని నెలలకు వీర్యం తీసి మైక్రోస్కోప్ కింద చూశాను. కణాలు తక్కువ, ఉన్నవీ బద్ధకంగా కదులుతున్నాయి. ఆడగుర్రం ఎదకొచ్చినప్పుడు దాటిస్తే చూలు నిలవలేదు. భూపాలపల్లి బేరగాడొకడు సుల్తాన్ కోసం వచ్చి కూర్చున్నాడని తెలిసింది. ఇంక అమ్మేస్తాడనుకున్నాను. ఫోన్ చేసి అడగడానికి నాకు మనసొప్పలేదు.

ఏడాది దాటాక ఆయనే చేశాడు. "పిల్ల లేసి నిలవడ్డది మేడం. ఆడది. నొసట అచ్చం సుల్తాన్ బొట్టే."

"మరి బేరగాడొచ్చాడన్నారు?" అని అడిగాను.

"వచ్చిండు. పిల్లలైతయని మీరు గట్టిగ చెప్పి ఉంటే, మొదటిసారి కానప్పుడే మీ మాట తప్పయిందని అమ్మెటోణ్ణి. ఎరుకలేదంటిరి. నాకూ ఎరుకలేకపాయె. జర ఇంకోపారి చూద్దామనుకున్న."

అంతవరకూ 'చెప్పలేను' అనాల్సి వచ్చిన ప్రతిసారీ నా చదువు మీద నాకే చిన్నతనంగా ఉండేది. ఇప్పుడు ఆ మాటను గొంతు తగ్గించకుండా అంటాను.